సౌర పంపుసెట్ల విశ్వసనీయత: మరమ్మతుకు గడువు పెట్టేది నేలే

విద్యుత్ తీగ చేరని పొలానికి పగటిపూట నీరందించే సాధనంగా సౌర పంపుసెట్టు తెలుగు రాష్ట్రాలలో క్రమంగా స్థిరపడుతోంది. కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రారంభించిన పీఎం-కుసుమ్ పథకంలోని ‘బి’ విభాగం 7.5 హెచ్.పి. వరకు సామర్థ్యం గల సౌర పంపుసెట్లకు ఉద్దేశించినది. ఇందులో సాధారణంగా కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఖర్చును భరిస్తే మిగిలినది రైతు వాటా. తెలంగాణలో 2025 మే నెలలో నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ మండలంలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం పథకం ఆరు లక్షల ఎకరాల గిరిజన పోడు భూములకు సౌర పంపుల ద్వారా సాగునీరు అందించాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఇటువంటి భూములలో చాలాచోట్ల సౌర పంపే ఏకైక నీటి వసతి. అది నిలిచిపోతే పక్క పొలం నుంచి నీరు తెచ్చుకునే వీలు కూడా ఉండదు. అందువల్ల ఈ పంపు ఎన్నేళ్లు మన్నుతుందన్న ప్రశ్నతో పాటు, నిలిచిపోయినప్పుడు ఎన్ని రోజుల్లో తిరిగి నీరు పోస్తుందన్న ప్రశ్నకు విస్తరణ శాస్త్రవేత్తలు సమాధానం వెతకవలసి ఉంది. ఆ రోజుల పరిమితిని పంట, నేల కలిసి నిర్ణయిస్తాయన్నది ఈ వ్యాసం సారాంశం.

విశ్వసనీయతకు శాతం ఒక్కటే కొలమానం కాదు

ఇంజనీరింగ్ పరిభాషలో ఒక యంత్రం లభ్యతను రెండు అంశాలు నిర్ణయిస్తాయి. ఒకటి, రెండు వైఫల్యాల మధ్య యంత్రం సగటున పనిచేసే కాలం. రెండు, ఒక్కో వైఫల్యాన్ని సరిదిద్దడానికి పట్టే సగటు కాలం. మొదటిది పెరిగినా, రెండవది తగ్గినా లభ్యత శాతం పెరుగుతుంది. గ్రిడ్‌కు విద్యుత్ అమ్ముకునే కేంద్రానికి ఈ శాతం సరిపోతుంది. ఈ రోజు కోల్పోయిన యూనిట్ల నష్టం ఎంతో రేపు కోల్పోయిన యూనిట్ల నష్టమూ అంతే. పంట విషయంలో ఈ సమానత్వం చెల్లదు.

రెండు ఊహాత్మక పంపులను తీసుకుందాం. మొదటిది ఏడాదికి రెండుసార్లు చెడిపోతుంది, ప్రతిసారీ రెండు రోజుల్లో బాగవుతుంది. ఏడాదిలో నష్టపోయిన రోజులు 4, లభ్యత 98.9 శాతం. రెండవది రెండేళ్లకు ఒక్కసారే చెడిపోతుంది, కానీ బాగుపడటానికి 30 రోజులు పడుతుంది. సగటున ఏడాదికి 15 రోజులు పోతాయి, లభ్యత 95.9 శాతం. కాగితం మీద రెండింటి మధ్య తేడా మూడు శాతమే. పైగా తక్కువసార్లు చెడిపోయేది రెండవ పంపే. అయినా మొదటి పంపు కింద పంట దిగుబడి దాదాపు తగ్గదు. రెండవ పంపు ఆగిన నెల వేరుశనగలో ఊడలు దిగే దశతో కలిసినట్లయితే ఆ పంటపై ఆశ వదులుకోవలసిందే. వైఫల్యాల సంఖ్య కంటే ఒక్కో వైఫల్యం నిడివి, అది సంభవించిన పంట దశ దిగుబడిని ఎక్కువగా శాసిస్తాయి.

నేల ఇచ్చే గడువు

పంపు ఆగిన తర్వాత మొక్క వేరు మండలంలో నిలిచి ఉన్న తేమతో బతుకుతుంది. ఆ తేమ ఎన్నాళ్లు వస్తుందో లెక్కించడం సస్య శాస్త్ర విద్యార్థులకు తెలిసిన పనే. ఎర్ర ఇసుక గరప నేల మీటరు లోతులో సుమారు 100 మి.మీ. లభ్య తేమను పట్టి ఉంచుతుందని, వేరుశనగ వేళ్లు 45 సెం.మీ. వరకు చురుకుగా ఉంటాయని అనుకుంటే మొత్తం లభ్య తేమ 45 మి.మీ. అందులో సగం ఖర్చయ్యేలోపు తడి ఇవ్వాలన్నది సాధారణ సూత్రం. అంటే వాడుకోదగినది 22 మి.మీ. పైచిలుకు మాత్రమే. రబీ చివర, వేసవి ఆరంభంలో పంట రోజుకు 5 మి.మీ. నీటిని ఆవిరి రూపంలో వదులుతుందనుకుంటే గడువు నాలుగున్నర రోజులు.

అదే లెక్కను మీటరుకు 180 మి.మీ. తేమ పట్టే నల్లరేగడి నేలకు, 60 సెం.మీ. వేరు లోతుకు వర్తింపజేస్తే వాడుకోదగిన తేమ 54 మి.మీ., గడువు దాదాపు 11 రోజులు. ఎర్ర నేలలో బిందు సేద్యం కింద ఉన్న కూరగాయల పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. వేరు లోతు 30 సెం.మీ., వాడుకోదగిన తేమ 40 శాతం, తడిసేది నేలలో సగభాగం అనుకుంటే మిగిలే నిల్వ 6 మి.మీ. మాత్రమే. ఒక రోజు గడిచేసరికే మొక్క బెట్టకు లోనుకావడం మొదలవుతుంది. నీటిని పొదుపుగా వాడే పద్ధతి వైఫల్యాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తుందన్న ఈ అంశాన్ని బిందు సేద్యంతో సౌర పంపును జోడించి సిఫారసు చేసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఈ గడువులన్నీ తడి ఇచ్చిన వెంటనే పంపు ఆగినప్పుడు వర్తించేవి. తడి ఇవ్వవలసిన రోజు ఉదయమే ఆగితే నేల ఇచ్చే గడువు శూన్యం. కాబట్టి 11 రోజులు, నాలుగున్నర రోజులు అనేవి గరిష్ఠ పరిమితులే తప్ప భరోసాలు కావు.

గొలుసులో బలహీనమైన లంకెలు

సౌర పంపుసెట్టు అనగానే అందరి దృష్టి ప్యానెళ్లపై నిలుస్తుంది. నిజానికి మొత్తం వ్యవస్థలో దీర్ఘకాలం మన్నేవి అవే. స్ఫటిక సిలికాన్ ప్యానెళ్లు 25 ఏళ్ల తర్వాత కూడా తొలి సామర్థ్యంలో 80 శాతానికి తగ్గవని తయారీదారులు హామీ ఇవ్వడం పరిపాటి. ఐఈసీ 61215 ప్రమాణం కింద ప్యానెళ్లను 85 డిగ్రీల ఉష్ణోగ్రత, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచి పరీక్షిస్తారు. ఈ పరీక్ష తయారీ లోపాలను వడపోయడానికి ఉపయోగపడుతుందే గాని, పాతికేళ్ల ఆయుష్షును నిరూపించదు. సముద్ర తీర మండలాలలో ఉప్పు గాలిని తట్టుకునే ఐఈసీ 61701 పరీక్ష ధ్రువీకరణను కూడా అడగడం మంచిది.

ప్యానెళ్లను మోసే చట్రం రెండో లంకె. గాలి భారానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం కర్నూలులో ప్రాథమిక గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, హైదరాబాదులో 44, విజయవాడ, నెల్లూరు, విశాఖపట్నాలలో 50 మీటర్లు. గాలి కలిగించే ఒత్తిడి వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కర్నూలు గాలికి సరిపోయే చట్రంపై నెల్లూరులో 60 శాతానికి పైగా అధిక ఒత్తిడి పడుతుంది. ఒకే నమూనా చట్రాన్ని రాష్ట్రమంతటా బిగించడం తుపాను ప్రాంతపు రైతుకు న్యాయం కాదు.

మూడో లంకె కంట్రోలర్. ప్యానెళ్ల నుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తును ఎండ తీవ్రతకు తగినట్లు సర్దుబాటు చేసి మోటారును నడిపేది ఇదే. క్షేత్రంలో మొదట మొరాయించే భాగం తరచుగా ఇదే అవుతుంది. ఇందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో స్థూల సూత్రం. కంట్రోలర్ పెట్టెను పడమటి ఎండ తగిలేలా స్తంభానికి బిగించడానికి, ప్యానెళ్ల నీడలో గాలి ఆడేలా బిగించడానికి ఖర్చులో తేడా లేదు, ఆయుష్షులో ఉంది. పెట్టెలోకి తేమ, చీమలు, బల్లులు చేరకుండా తీగలు దూరే రంధ్రాలను మూసివేయడం, ఎర్తింగు సక్రమంగా ఉండటం, పిడుగుల నుంచి రక్షించే సాధనం పనిచేస్తూ ఉండటం కూడా ఇంతే ముఖ్యం.

నాలుగో లంకె మోటారు, పంపు. బోరులో నీరు అడుగంటినప్పుడు ఖాళీగా తిరగడం, ఇసుక వల్ల ఇంపెల్లర్లు అరిగిపోవడం, కఠిన జలం వల్ల సున్నం పేరుకోవడం సాధారణ కారణాలు. నీరు లేనప్పుడు మోటారును ఆపే రక్షణ ఏర్పాటు కంట్రోలర్‌లో ఉంటుంది. అది పదేపదే మోటారును ఆపుతోందని విసిగి ఎవరైనా దానిని తొలగిస్తే మోటారు కాలిపోవడం ఖాయం.

చెడిపోకుండానే తగ్గే నీరు

విశ్వసనీయతను దెబ్బతీసే మరో కోవ వైఫల్యం బయటకు కనిపించదు. పంపు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం తగ్గుతూ పోతుంది. ఇందుకు వేడి, దుమ్ము, నీటి మట్టం అనేవి మూడు ముఖ్య కారణాలు.

ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల కణ ఉష్ణోగ్రత వద్ద కొలిచి ముద్రిస్తారు. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలున్న మిట్టమధ్యాహ్నం ప్యానెల్‌లోని కణాల వేడి 70 డిగ్రీలను చేరుతుంది. ప్రతి డిగ్రీకి 0.4 శాతం చొప్పున శక్తి తగ్గుతుందనుకుంటే నష్టం 18 శాతం. అంటే మొక్కకు నీరు అత్యధికంగా కావలసిన ఏప్రిల్, మే నెలల్లో ప్యానెల్ తన ముద్రిత సామర్థ్యాన్ని అందుకోలేదు. పంపు పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడే ఈ లోటును లెక్కలో చేర్చాలి.

దుమ్ము, పక్షి రెట్టలు, వేరుశనగ నూర్పిడి ధూళి ప్యానెళ్లపై పేరుకుంటాయి. వాటిని ఉదయం లేదా సాయంత్రం, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. బోరు నీరు కఠినమైనదైతే ఆరిన తర్వాత తెల్లని పొర మిగులుతుంది. పట్టి ఉంచిన వాన నీరు గాని, కడిగిన వెంటనే మెత్తని గుడ్డతో తుడవడం గాని దీనికి విరుగుడు. చెట్టు కొమ్మ నీడ కూడా నిర్లక్ష్యం చేయదగినది కాదు. ప్యానెళ్లు వరుసగా కలిపి ఉన్నందున ఒకదానిపై పడిన నీడ మొత్తం వరుసను ప్రభావితం చేయగలదు. దానిని అరికట్టే బైపాస్ డయోడు చెడిపోతే నీడ పడిన కణం వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.

మూడో కారణమైన నీటి మట్టం ప్రభావం అన్నింటికంటే పెద్దది. ఒక యూనిట్ విద్యుత్తు, నష్టాలేవీ లేకపోతే, 367 ఘనపు మీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తుకు లేపగలదు. 4.8 కిలోవాట్ల ప్యానెళ్లు గల 5 హెచ్.పి. పంపుసెట్టు మంచి ఎండ ఉన్న రోజున 21.6 యూనిట్లు ఉత్పత్తి చేస్తుందని, మోటారు, పంపుల ఉమ్మడి సామర్థ్యం 45 శాతమని అనుకుందాం. మొత్తం ఎత్తు 50 మీటర్లయితే రోజుకు 71 ఘనపు మీటర్లు, 75 మీటర్లయితే 47, 100 మీటర్లయితే 35 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. ఎకరానికి రోజుకు 5 మి.మీ. అవసరం అంటే 20 ఘనపు మీటర్లు. మూడున్నర ఎకరాలకు సరిపోయిన పంపు, నీటి మట్టం పడిపోయాక ఎకరం ముప్పాతికకే సరిపోతుంది. ఇందులో ఒక్క భాగం కూడా చెడిపోలేదు.

వాస్తవ నష్టం ఇంతకంటే ఎక్కువే. అపకేంద్ర పంపు నీటిని ఎత్తగల ఎత్తు దాని వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. పూర్తి వేగంతో 100 మీటర్ల వరకు ఎత్తగల పంపు 60 మీటర్ల నుంచి నీరు తీయాలంటే కనీసం 77 శాతం వేగాన్ని, స్థూలంగా సగం శక్తిని అందుకోవాలి. నీటి మట్టం 80 మీటర్లకు పడిపోతే 89 శాతం వేగం, 70 శాతం శక్తి అవసరం. అంతవరకు మోటారు తిరుగుతుంది గాని నీరు పైకి రాదు. అందువల్ల నీరు ఉదయం ఆలస్యంగా మొదలై సాయంత్రం త్వరగా ఆగిపోతుంది, పలుచని మబ్బుకే ధార తెగిపోతుంది. ఖర్చు లేదు కదా అని అవసరం లేని రోజున కూడా తోడితే తగ్గేది భూగర్భ జలమే కాదు, ఆ పంపు రేపటి సామర్థ్యం కూడా.

మరమ్మతు ఎందుకు ఆలస్యమవుతుంది?

గ్రిడ్ మోటారు కాలిపోతే రైతు దానిని మండల కేంద్రంలోని వైండింగు దుకాణానికి తీసుకుపోతాడు. ఒకటి రెండు రోజుల్లో పని పూర్తవుతుంది. దశాబ్దాలుగా ఏర్పడిన ఈ మెకానిక్కుల వ్యవస్థే గ్రిడ్ పంపుసెట్ల అసలు బలం. సౌర పంపు కంట్రోలర్‌ను స్థానిక మెకానిక్ విప్పలేడు. విప్పితే వారంటీ పోతుంది. సరఫరాదారు సాంకేతిక నిపుణుడు జిల్లా కేంద్రం నుంచో, ఇంకా దూరం నుంచో రావాలి. వచ్చాక విడిభాగం కోసం మరికొన్ని రోజులు ఆగవలసి రావచ్చు.

పీఎం-కుసుమ్ నిబంధనల ప్రకారం సరఫరాదారుకు ఐదేళ్ల నిర్వహణ బాధ్యత ఉంటుంది. ప్యానెళ్ల హామీ పాతికేళ్లు, నిర్వహణ బాధ్యత ఐదేళ్లు. ఆరో ఏట కంట్రోలర్ పోతే ఎవరు బాగుచేయాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. గని, శకునాల గ్రామాల పరిధిలోని 1,000 మెగావాట్ల కర్నూలు సౌర పార్కు వంటి చోట అక్కడే ఉండే సిబ్బంది పరికరాలను నిరంతరం గమనిస్తూ ఉంటారు. అదే సాంకేతికత ఒంటరి రైతు పొలంలో అటువంటి కాపలా లేకుండా పనిచేయాలి.

స్థానిక మెకానిక్కులకు శిక్షణ ఇవ్వడం అవసరమే గాని, జాగ్రత్తతో ఇవ్వాలి. 15 ప్యానెళ్లు వరుసగా కలిపిన వ్యవస్థలో 600 వోల్టులకు పైగా ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. ఎండ ఉన్నంతసేపు దానిని మూలంలో ఆపడం సాధ్యం కాదు. లోడుపై ఉన్న కనెక్టరును లాగితే ఏర్పడే మంట గ్రిడ్ విద్యుత్తులో వలె తనంతట తాను ఆరదు. ఐసొలేటరు ఆపిన తర్వాతనే కనెక్టర్లను తాకాలన్న నియమం శిక్షణలో మొదటి పాఠం కావాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి

మొదటిది, పంపు మంజూరు దశలోనే నేల గడువును లెక్కించి నమోదు చేయడం. నేల స్వభావం, పంట, వేరు లోతు తెలిస్తే ఈ లెక్క పది నిమిషాల పని. ఎర్ర నేలల మండలానికి నాలుగు రోజులు, రేగడి మండలానికి పది రోజులు అని తేలితే, నిర్వహణ ఒప్పందంలోని మరమ్మతు గడువు దానికి లోబడి ఉండాలి. అన్ని మండలాలకు ఒకే గడువు రాయడంలో అర్థం లేదు.

రెండోది, పొలంలో మరమ్మతు చేయడానికి బదులు కంట్రోలర్‌ను మార్చివేసే పద్ధతి. ఒకే నమూనా పంపులు ఉన్న గ్రామాల సముదాయానికి ఒక అదనపు కంట్రోలర్‌ను రైతు సేవా కేంద్రాల వంటి గ్రామస్థాయి కేంద్రంలో గాని, రైతు ఉత్పత్తిదారుల సంఘంలో గాని ఉంచితే, రైతు ఎదురుచూసే కాలం ప్రయాణ కాలానికి కుదించుకుపోతుంది. చెడిన పెట్టె తీరికగా బాగుపడుతుంది.

మూడోది, నీటి నిల్వ. పైభాగం 12 మీటర్లు, అడుగు 8 మీటర్లు చదరంగా, 2 మీటర్ల లోతుతో తవ్వి షీటు పరచిన కుంటలో సుమారు 200 ఘనపు మీటర్ల నీరు నిలుస్తుంది. ఎకరానికి ఏడు రోజుల అవసరం 140 ఘనపు మీటర్లు. రోజుకు 6 మి.మీ. చొప్పున నెల రోజుల్లో ఆవిరయ్యేది దాదాపు 26 ఘనపు మీటర్లు. పంపు బాగున్న రోజులలో ఒక్కసారి నింపి, ఆవిరైనంత మాత్రమే తిరిగి నింపుతూ ఉంటే ఎకరం పంటకు వారం రోజుల రక్షణ దొరుకుతుంది. అద్దెకు దొరికే డీజిల్ ఇంజను 60 మీటర్ల లోతు బోరు నుంచి నీరు తోడలేదు. కుంట నుంచి సులువుగా తోడగలదు. బ్యాటరీల కంటే ఈ నిల్వ చౌక, నిర్వహణ తేలిక.

నాలుగోది, నెలకొకసారి డ్రమ్ము పరీక్ష. మబ్బు లేని రోజున మధ్యాహ్నం 12 గంటలకు 200 లీటర్ల డ్రమ్ము నిండటానికి పట్టే కాలాన్ని పుస్తకంలో రాసుకోవాలి. పైన లెక్కించిన 5 హెచ్.పి. పంపు 50 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక నిమిషంలో నింపాలి. కాలం పెరుగుతూ ఉంటే ముందుగా ప్యానెళ్లను కడిగి మర్నాడు మళ్లీ కొలవాలి. మెరుగుపడితే కారణం దుమ్ము. లేకపోతే బోరులో నీటి మట్టాన్ని కొలవాలి. అది పడిపోయి ఉంటే యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు, సాగు విస్తీర్ణం తగ్గించుకోవాలి. మట్టం మారకుండా ఉండి, కంట్రోలర్ తెరపై మోటారు పూర్తి వేగం చూపుతూ నీరు తగ్గితే ఇంపెల్లర్ల అరుగుదల గాని, పైపు లీకేజీ గాని ఉంటుంది. మంచి ఎండలోనూ వేగమే తక్కువగా ఉంటే ప్యానెళ్లను, కనెక్టర్లను పరీక్షించాలి.

ఐదోది, సమాచార సేకరణ. కుసుమ్ పంపులకు దూరం నుంచి పనితీరును గమనించే పరికరాలు అమర్చుతున్నారు. వాటి సమాచారం రోజువారీ యూనిట్ల రూపంలో ఉంటుంది. ఆగిన తేదీ, తిరిగి పనిచేసిన తేదీ, ఆ నాటి పంట దశ, నేల రకం అనే నాలుగు అంశాలను జోడిస్తే అది సస్య శాస్త్ర పరిశోధనకు పనికివచ్చే సమాచారమవుతుంది. కృషి విజ్ఞాన కేంద్రాల పరిధిలో స్నాతకోత్తర విద్యార్థులు రెండు మూడు పంటకాలాలు ఈ వివరాలు సేకరిస్తే ఏ నేలలో ఎన్ని రోజుల విరామం ఎంత దిగుబడిని హరిస్తుందో అంచనాలతో కాక ఆధారాలతో చెప్పవచ్చు.

వాతావరణం ఒక విషయంలో సౌర పంపుకు అనుకూలంగా ఉంది. ఎండ కాసిన రోజునే పంటకు నీరు ఎక్కువ కావాలి, ఆ రోజునే పంపు ఎక్కువ నీరు పోస్తుంది. మబ్బు పట్టిన రోజున రెండూ తగ్గుతాయి. ఈ సహజమైన పొంతన డీజిల్ ఇంజనుకు లేదు. దానిని నిలబెట్టుకోవడానికి మరమ్మతు వేగం, నీటి నిల్వ తోడు కావాలి. ఏకైక నీటి వసతిగా సౌర పంపును అందుకున్న రైతుకు రాయితీ ఎంత ముఖ్యమో, ఎర్ర నేలలో నాలుగో రోజు దాటకుండా తిరిగి వచ్చే నీరు అంతకంటే ముఖ్యం.